రోజూ నడిపేదానికి డబ్ల్యూఆర్ఎక్సా, ఎస్టీఐయా?

అమెరికాలో మనవాళ్లు కార్లు కొనడానికి రాయని రాజ్యాంగం ఒకటుంది. దిగిన కొత్తలో ఎవరో వాడిన కరోలా. పెళ్లయ్యాక ఆర్ఏవీ4 గానీ సీఆర్వీ గానీ. పిల్లలు పుట్టి, అమ్మా నాన్నా ఆర్నెల్లకని వచ్చే టైముకి ఒడిస్సీ. మధ్యలో ఎక్కడో ఓ చోట టెస్లా. ఈ రాజ్యాంగం మీద నాకు గౌరవమే. నా కరోలా లక్షా నలభై వేల మైళ్లు దాటాక కూడా ఒక్కసారి నన్ను రోడ్డు మీద నిలబెట్టలేదు. కానీ నాకు ముప్పై దగ్గరపడుతోంది, పిల్లలింకా లేరు, క్లచ్చూ గేర్లూ ఉన్న కారు కొనాలంటే ఇప్పుడే కొనాలి. ఇంకో ఐదేళ్లాగితే అలాంటి కార్లు దొరకడం కష్టం, దొరికినా వెనక సీట్లో బేబీ సీటు బిగించుకుంటూ నేను బిజీగా ఉంటాను.

చూసి చూసి చివరికి లిస్టులో రెండే మిగిలాయి. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, దాని మీది రకం ఎస్టీఐ. ఈ టపా ఆ రెండిట్లో ఒకటి ఎలా తేల్చుకున్నామో చెప్పడానికి. ఈ రెండింటినీ పోలుస్తూ మ్యాగజైన్లు బోలెడు రాశాయి, నేనూ చాలానే చదివాను. చిక్కేంటంటే వాళ్లు రేస్ ట్రాక్ మీదో, ఖాళీ కొండ దారి మీదో నడిపి రాస్తారు. పొద్దున ఎనిమిదింపావుకి బోథెల్ నుంచి బెల్వ్యూకి 405 మీద నడిపి రాసినవాడు నాకు కనపడలేదు.

తెలియనివాళ్ల కోసం కాస్త చరిత్ర. ఇంప్రెజా అని సుబారు 1992లో ఓ మామూలు కారు మొదలుపెట్టింది. దానికి టర్బో తగిలించి, నాలుగు చక్రాలకీ శక్తి పంపి తయారుచేసిన హుషారు రకం డబ్ల్యూఆర్ఎక్స్. దాన్ని ఇంకా సానబట్టింది ఎస్టీఐ. ఎస్టీఐ అంటే సుబారు టెక్నికా ఇంటర్నేషనల్, 1988లో పెట్టిన వాళ్ల మోటార్ స్పోర్ట్స్ విభాగం. ఇంప్రెజాల్లోనే కాలిన్ మెక్రే 1995లో, రిచర్డ్ బర్న్స్ 2001లో, పెట్టర్ సోల్బర్గ్ 2003లో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్లయ్యారు. 2008 చివర్లో సుబారు ప్రపంచ ర్యాలీ నుంచి తప్పుకుంది. అమెరికాలో డబ్ల్యూఆర్ఎక్స్ 2002 మోడల్‌తో, ఎస్టీఐ 2004 మోడల్‌తో మొదలయ్యాయి. 2021 మోడలే చివరి ఎస్టీఐ. కొత్త తరం డబ్ల్యూఆర్ఎక్స్ మీద పెట్రోలు ఎస్టీఐ చేయడం లేదని 2022 మార్చిలో సుబారు చెప్పేసింది. అంటే ఎస్టీఐ కావాలంటే ఎవరో వాడిందే కొనాలి. ఇండియాలో సుబారు షోరూం లేదు కాబట్టి నా తరం వాళ్లకి ఈ కారు పరిచయమంతా వీడియో గేముల్లోనే. నాకూ అంతే. ఇంజనీరింగ్ హాస్టల్లో నీలం రంగు కారు, బంగారు రంగు చక్రాలు, స్క్రీన్ నిండా బురద, పక్కన తెల్లారితే మైక్రోప్రాసెసర్స్ ఎగ్జామ్.

పేర్లు పొడుగ్గా ఉన్నాయి. ఇక నుంచి ఎస్టీఐని పెద్దోడు, డబ్ల్యూఆర్ఎక్స్‌ని చిన్నోడు అందాం. వెంకటేష్, మహేష్ గుర్తొస్తే నా పూచీ లేదు :)

మాకు దొరికినవి రెండూ 2018 మోడళ్లే. చిన్నోడు 48 వేల మైళ్లు తిరిగింది, 23,500 డాలర్లు. పెద్దోడు 41 వేల మైళ్లు, 32,000. తేడా 8,500 డాలర్లు. రూపాయల్లోకి మార్చకూడదని ఎన్నిసార్లు అనుకున్నా మన బుర్ర మార్చేస్తుంది కదా, ఏడు లక్షల పైమాటే. ఇంకో సంగతి, కరోలాని అమ్మేస్తున్నాం, ఇంట్లో ఉండేది ఈ ఒక్క కారే. సోమ, బుధ, శుక్రవారాలు నాకు, మంగళ, గురువారాలు మా ఆవిడకి. ఇద్దరం ఇండియాలో డ్రైవింగ్ స్కూలు ఆల్టో మీద నేర్చుకున్నవాళ్లం కాబట్టి క్లచ్ భయం లేదు. (ఇక్కడ పుట్టి పెరిగిన మా టీమ్ లీడ్‌కి మాన్యువల్ రాదు. ఆయన ముందు నాకున్న ఏకైక గర్వకారణం అదే.)

ముందు ఒక విషయం ఒప్పేసుకుందాం. ఇది వేగం గురించి కాదు. మా ఫ్రెండ్ ఒకడు మోడల్ వై కొన్నాడు. "ఒరేయ్, గ్రీన్ లైట్ పడ్డాక నీ రెండు సుబారులూ నా వెనక బంపర్ చూసుకోవాల్సిందేరా, పైగా నేను ఇడ్లీ తింటూ తోలుతుంటా" అన్నాడు. నిజమే. స్ట్రోలరూ, కిరాణా సంచులూ మోసే ఎలక్ట్రిక్ బండి ఇప్పుడు ఒకప్పటి రేసు కార్లని సిగ్నల్ దగ్గర వదిలేసి వెళ్లిపోతోంది. వేగమే కావాలంటే ఈ టపా ఇక్కడితో ఆపేసి వాడి మాట వినండి. నాకు కావలసింది నడుపుతున్నానని చేతికీ కాలికీ తెలిసే కారు, అదీ వారంలో ఐదు రోజులూ. ఆ 'ఐదు రోజులూ' దగ్గరే లెక్క తిరగబడింది.

కాగితం మీద పెద్దోడికి 2.5 లీటర్ల టర్బో ఇంజను, 305 గుర్రాలు. చిన్నోడికి 2.0 లీటర్లు, 268 గుర్రాలు. ఇంతవరకే చదివితే పెద్దోడే. కానీ ఆ పక్కనే టార్క్ అని ఇంకో లైనుంటుంది, అందరూ దాటేసేది అదే. పెద్దోడి టార్క్ 290 పౌండ్-ఫీట్, అది అందేది 4000 ఆర్పీఎం దగ్గర. చిన్నోడిది 258, కానీ 2000 నుంచి 5200 దాకా అదే 258. మన భాషలో చెప్పాలంటే పెద్దోడు పీక్ లోడ్ కోసం సైజు చేసిన సర్వరు. బెంచ్‌మార్క్ స్లైడులో అదిరిపోతుంది. చిన్నోడు మామూలు యూజర్‌కి మామూలు రోజున వచ్చే రెస్పాన్స్ టైము చూసుకుని కట్టిన సిస్టం. 405 మీద పొద్దున నేను 4000 ఆర్పీఎం చూడాలంటే న్యూట్రల్లో రేజ్ చేయాలి తప్ప వేరే దారి లేదు. పదమూడు మైళ్లకి నలభై ఐదు నిమిషాలు. ముందున్న ట్రక్కు కదిలితే నేను కదలాలి, టోల్ లేన్లోంచి ఎవడో దూరితే సందులోకి జరగాలి. ఇవన్నీ 1500 నుంచి 3000 మధ్య జరిగే పనులు. అక్కడ చిన్నోడు మెలకువగా ఉంటుంది. పెద్దోడు ఆ టైములో ఆవులిస్తూ ఉంటుంది. గేరు ఒకటి తగ్గిస్తే గానీ లేవదు.

అలాగని జాములో చిన్నోడు వెన్నముద్ద అని కాదు. మొదటి గేర్లో పాకుతున్నప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు కాస్త అటూ ఇటూ అయితే కుదుపు వస్తుంది. పైకి గేరు మార్చేటప్పుడు ఆర్పీఎం దిగడానికి బద్ధకిస్తుంది. కొన్నాళ్లకి కాలికి అలవాటవుతుందని చెప్తారు.

నాన్న ముప్పై ఏళ్లు బస్సు నడిపారు. సూర్యాపేట నుంచి వీడియో కాల్లో రెండు కార్ల ఫొటోలూ చూపించి, గుర్రాలూ టర్బోలూ అన్నీ వివరించాను. ఓపిగ్గా విని ఒకే ప్రశ్న అడిగారు. "క్లచ్ ఎట్లుంది బిడ్డా? గట్టిదా, మెత్తదా? జాముల తొక్కి తొక్కి కాలు గుంజుతది, అది చూసుకో ముందు." ఇన్ని రివ్యూలు చదివాను, ఎక్కడా ఈ ప్రశ్నని మొదటి ప్రశ్నగా చూడలేదు. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు పనిగట్టుకుని రెండిట్లోనూ అరగంట చొప్పున జాములో కూర్చున్నాం. అమ్మేవాడు మమ్మల్ని విచిత్రంగా చూశాడు. మంచి రోడ్డు మీద తిప్పి తీసుకురమ్మంటే వీళ్లు సాయంత్రం ఐదింటికి ఫ్రీవే ఎక్కుతారేంటని. పెద్దోడి క్లచ్ బరువు. గేరు లివరు కూడా బిగుతు, పడ్డప్పుడు టక్కున పడుతుంది, ఆ పడటంలో ఓ ఆనందం ఉంది. కానీ ఇరవయ్యో నిమిషానికి నా ఎడమ పిక్కకి ఆనందం అయిపోయింది.

ఇక పెద్దోడి గొప్పతనం చెప్పకపోతే పాపం తగులుతుంది. మర్నాడు పొద్దున్నే దాన్ని డువాల్ నుంచి కార్నేషన్ మీదుగా ఫాల్ సిటీ వెళ్లే 203 మీదకి తీసుకెళ్లాను. పక్కన స్నోక్వాల్మీ నది, పొలాలు, ఆవులు, పొగమంచు. మనూరి పక్క దారిలాగే ఉంటుంది, చింతచెట్లు తక్కువ అంతే. ఈ తరం పెద్దోడికి ఇంకా పాతకాలపు హైడ్రాలిక్ స్టీరింగే ఉంది, చిన్నోడికి ఎలక్ట్రిక్. ఈ తేడా నేను చదివినప్పుడు ఏదో పిచ్చి పట్టినవాళ్ల మాటలే అనుకున్నాను. కాదు. తారు రోడ్డు మారితే అరచేతికి తెలుస్తుంది. టైరు కింద తడి ఉందా, పొడి ఉందా, ఎంత పట్టు మిగిలుంది, అన్నీ చేతిలోకి వచ్చేస్తాయి. మధ్య డిఫరెన్షియల్ మామూలుగా వెనక చక్రాల వైపు మొగ్గుతుంది, ముందుకి 41, వెనక్కి 59. ఆ వాటా ఎంత బిగుతుగా ఉండాలో సీటు పక్కనున్న చిన్న స్విచ్‌తో మనమే పెట్టుకోవచ్చు. ముందూ వెనకా కూడా లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియళ్లు. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ నొక్కితే కారు బయటికి జారకుండా లోపలికి ముడుచుకుంటుంది. బ్రెంబో బ్రేకుల గురించి ఏం చెప్పను, కాలు ఆనిస్తే చాలు. చిన్నోడి మాన్యువల్లో ముందు వెనకలకి చెరి సగం, సర్దుకునే స్విచ్చూ గిచ్చూ లేవు. అదే దారిలో అదీ బాగుంది, చాలా బాగుంది. కానీ పెద్దోడి పక్కన పెడితే ఇది మంచి ఫోన్లో పాట వినడం, అది కచేరీలో ముందు వరసలో కూర్చోవడం.

ఆ కచేరీ ఎప్పుడు మొదలవుతుందన్నదే నా సమస్య. 203 మీద లిమిట్ దాటకుండా నడిపితే మూడో గేర్లో పెద్దోడు ఇప్పుడే గొంతు సవరించుకుంటున్నట్టుంటుంది. అసలు పాట ఎత్తుకునేసరికి మనం టికెట్ పరిధిలో ఉంటాం. టికెట్ అయితే కట్టేయొచ్చు. కానీ వాషింగ్టన్‌లో రెక్లెస్ డ్రైవింగ్ ఉత్త ట్రాఫిక్ టికెట్ కాదు, క్రిమినల్ కేసు. వీసా స్టాంపింగ్‌కి వెళ్లినవాళ్లకి ఆ మాట బరువు చెప్పక్కర్లేదు. వీసా మీదున్న మనిషికి ఏ కారు సరదా ఎంత వేగం దగ్గర మొదలవుతుందన్నది చిన్న ప్రశ్న కాదు. చిన్నోడు నలభై, యాభై మైళ్ల దగ్గరే నవ్విస్తుంది.

మా ఆవిడ రెండూ నడిపింది. పెద్దోడి మీద ఒకే ఒక్క వాక్యం చెప్పింది. "బాగుంది, కానీ ఇది నేను నడపట్లేదు, దీన్ని నేను సముదాయిస్తున్నాను." చిన్నోడి మీద ఏమీ చెప్పలేదు. ఎగ్జిట్ దాటేసి ఇంకో ఐదు మైళ్లు ముందుకి పోనిచ్చింది. నేను గమనించాను. పార్కింగ్‌లోకి వచ్చాక మాత్రం అసలు మాట బయటపెట్టింది. "నీకేది నచ్చితే అది తీసుకో. కానీ ఇద్దరిదీ వీసానే. ఇద్దరి కంపెనీల్లోనూ లేఆఫ్‌లు నడుస్తున్నాయి. ఆ అరవై రోజులూ లెక్కపెట్టుకునేటప్పుడు ఇంట్లో కారు లోను ఉండకూడదు."

హెచ్1బీ మీద ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. చిన్నోడిని లోను లేకుండా కొనగలం. పెద్దోడికి ఆ 8,500 లోను పెట్టాలి. దీనికి నా దగ్గర ఒక జవాబుంది, దాన్ని కాసేపు గట్టిగానే వాదించాను. పెద్దోడి ధర పడదు. కొత్తది రాదు కాబట్టి అమ్ముకుంటే పెట్టింది చాలావరకు తిరిగొస్తుంది, ఇది ఖర్చు కాదు, దాచుకోవడం అన్నాను. మా ఆవిడ "స్టాక్ ఆప్షన్ల గురించి కూడా ఇలాగే చెప్పావు" అంది. ఆ వాదన అక్కడితో ముగిసింది.

నిజానికి ఆ లెక్కలో ఇంకో బొక్క ఉంది, అది ఇంజను. పెద్దోడి ఇంజను పేరు ఈజే257. ఆ ఈజే కుటుంబం 1989 నాటిది, లెగసీతో మొదలైంది. చరిత్ర గొప్పదే, శబ్దం ఇంకా గొప్పది. కానీ దాని పిస్టన్లలో రింగుల మధ్యన ఉండే సన్నని గట్లు పగలడం పేరుమోసిన బలహీనత. ముఖ్యంగా ఎవడైనా కంప్యూటర్ ట్యూన్ మార్చి టర్బో ప్రెషర్ పెంచితే, లేదా తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోసి నాకింగ్ తెప్పిస్తే. పగిలితే ఇంజను విప్పాలి, బిల్లు వేల డాలర్లలో. పవర్‌ట్రెయిన్ వారంటీ ఐదేళ్లు లేదా 60 వేల మైళ్లు, 2018 బండికి అది ఎప్పుడో తీరిపోయింది. చిన్నోడి ఎఫ్ఏ20 ఇంజను కొత్త డిజైను, అదేం అమృతం తాగి పుట్టలేదు. డైరెక్ట్ ఇంజెక్షన్ కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద కాలక్రమేణా మసి పేరుకుంటుంది, కొన్నేళ్లకోసారి శుభ్రం చేయించుకోవాలి. దాన్నీ అడ్డగోలుగా ట్యూన్ చేస్తే పోతుంది. తేడా ఏంటంటే, పెద్దోళ్లని కొన్నవాళ్లు చాలామంది ఏదో ఒకటి గెలక్కుండా ఉండరు. ఏమీ గెలకని ఎస్టీఐ దొరకడం ఈ కాలంలో బగ్ లేని లెగసీ కోడ్ దొరకడం లాంటిది.

మిగతా లెక్కలు గబగబా. ఈ తరం 2015లో వచ్చినప్పుడు ఈపీఏ మైలేజి చిన్నోడికి సిటీలో 21, హైవే మీద 28. పెద్దోడికి 17, 23. రెండూ ప్రీమియం పెట్రోలే తాగుతాయి. ఏడాదికి పది వేల మైళ్లు సిటీ లెక్కన వేసుకుంటే పెద్దోడికి 110 గ్యాలన్లు ఎక్కువ, గ్యాలన్ ఐదు డాలర్లనుకుంటే 550. నాకొచ్చిన ఇన్సూరెన్స్ కొటేషన్లలో పెద్దోడికి నెలకి 60 డాలర్లు ఎక్కువ. 2018 పెద్దోడికి 19 అంగుళాల చక్రాలు, బేస్ చిన్నోడికి 17. టైరు ధరల్లో ఆ రెండు అంగుళాలూ బాగా తెలుస్తాయి, గుంతలో పడ్డప్పుడు నడుముకి ఇంకా బాగా తెలుస్తాయి.

టైర్లంటే గుర్తొచ్చింది, ఇది మనవాళ్లు చాలామంది పట్టించుకోని విషయం. ఈ రెండు కార్లూ షోరూం నుంచి వచ్చేది సమ్మర్ టైర్లతో. ఏడు డిగ్రీల సెల్సియస్ కిందకి దిగితే ఆ రబ్బరు గట్టిపడి పట్టు తప్పుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా, స్నోక్వాల్మీ పాస్ మీదకి స్నో చూడ్డానికి దర్జాగా వెళ్లిపోవచ్చనుకుంటారు. నాలుగు చక్రాల డ్రైవ్ బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు. ఆపేది టైరే. పాస్ మీద 'చెయిన్లు తప్పనిసరి' బోర్డు పెడితే ఆల్ వీల్ డ్రైవ్ బళ్లకి సాధారణంగా మినహాయింపు ఉంటుంది, కానీ చెయిన్లు డిక్కీలో ఉండి తీరాలి. చిన్నోడికి 17 అంగుళాల వింటర్ టైర్లు నాలుగూ చక్రాలతో సహా కొన్నా, మిగిలిన 8,500లో పెద్దగా లోటు కనపడదు. పెద్దోడికి చిన్న చక్రాలు వేద్దామంటే ఆ పెద్ద బ్రెంబోలు అడ్డొస్తాయి.

ఇంత చెప్పాక కూడా ఒకటి మిగిలింది. పెద్దోడి వెనకున్న ఆ రెక్క. నవ్వకండి. హాస్టల్ గేములో చూసిన కారు అదే, రెక్క లేని సుబారుని చూస్తే ఏదో లోటు. మొన్న మొన్నటిదాకా నేనూ 'మామూలు డబ్ల్యూఆర్ఎక్స్ అంటే సర్దుకుపోవడమే' అనే బ్యాచే. అన్నట్టు 2017లో వచ్చిన బేబీ డ్రైవర్ సినిమాలో మొదటి ఛేజ్ గుర్తుందా, ఎర్ర సుబారు? అది 2006 డబ్ల్యూఆర్ఎక్స్, ఎస్టీఐ కాదు. మా ఆవిడకి ఈ సంగతి నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారి ఎవరిని ఒప్పిస్తున్నావని అడిగింది.

చిన్నోడినే తీసుకున్నాం. డబ్బు కట్టేముందు సుబారులు మాత్రమే చూసే ఒక ప్రైవేటు మెకానిక్ దగ్గర 250 డాలర్లిచ్చి పరీక్ష చేయించాను. నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ టెస్టు, ఆయిల్ మార్చిన రసీదులు, ఇంజను కంప్యూటర్లో ఎవరైనా ట్యూన్ మార్చి మళ్లీ పాతది పెట్టారా అనే ఆరా. మీరు ఏ వాడిన టర్బో కారు కొన్నా ఈ 250 దగ్గర పిసినారితనం చేయకండి. అమ్మేవాడు దానికి అడ్డం చెప్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

రంగు నీలమే దొరికింది. బంగారు రంగు చక్రాలు వద్దని ఇంట్లో తీర్పు వచ్చింది. వింటర్ టైర్లకి మాత్రం ఆ రంగు చక్రాలు వేసుకోవచ్చా అని అప్పీలుకెళ్లాను, పెండింగులో ఉంది. మార్చిలో నాన్న వస్తున్నారు. పక్క సీట్లో కూర్చుని గేర్లు ఎట్ల మారుస్తానో చూస్తారట, ఇప్పటికే రెండుసార్లు చెప్పారు.